కొలత తీసుకున్నారా?

గోదావరి జిల్లాల్లో పుట్టిన ఆడపిల్ల ఊలు స్వెట్టర్లు అల్లుతానంటే ఎవరికైనా నవ్వు వస్తుంది. మా రాజమండ్రిలో చలి అనేది ధనుర్మాసంలో నాలుగు తెల్లవారుజాములు మాత్రమే. అప్పుడు కూడా మగవాళ్ళు చెవులకు మఫ్లరు చుట్టుకుని, కింద పంచె మోకాళ్ళ పైకి కట్టుకునే తిరుగుతారు. అటువంటి ఊరినుంచి పెళ్ళయిన మరుసటి ఏడు, 1974లో, మావారి ఉద్యోగం ధర్మమా అని ఢిల్లీ వెళ్ళాను.

అక్కడ చలికాలం మధ్యాహ్నాలు మీరు చూసి ఉండాలి. క్వార్టర్ల ముందు ఎండ పడినచోటల్లా ఒక నులకమంచం. మంచానికి ముగ్గురు ఆడవాళ్ళు. ఒళ్ళో బఠాణీకాయలో, నారింజపళ్ళో, వేయించిన వేరుశనక్కాయలో. అవి లేనప్పుడు రెండు సూదులూ ఊలు ఉండా. నోరు మాట్లాడుతూనే ఉంటుంది, చేతులు అల్లుతూనే ఉంటాయి. నాకు హిందీ సరిగా రాదు. పక్కవాటా పంజాబీ ఆవిడ నా చేతికి సూదులిచ్చి నేర్పిన మొదటి రెండు మాటలు సీధా, ఉల్టా. అల్లికంతా ఆ రెండు కుట్లే! ఒకటి సూటిగా, ఒకటి తిరగేసి. ఒకటి విడిచి ఒకటి వేస్తే సాగే నడుంపట్టీ వస్తుంది. ఒక వరస అదీ, ఒక వరస ఇదీ వేస్తే నున్నటి పనితనం వస్తుంది. మిగతా జడలూ, రత్నాలూ, ఆకులూ అన్నీ ఆ రెండింటి సంతానమే.

ఒక చలికాలం గడిచేసరికి మఫ్లరు, పిల్లల టోపీ వచ్చేశాయి. ఇంకేముంది, ధైర్యం వచ్చింది. మా నాన్నగారికి స్వెట్టరు అల్లాలనుకున్నాను. ఆయన బడిపంతులుగా రిటైరయి, రోజూ తెల్లవారకుండానే గోదావరి గట్టుమీద నడిచేవారు. బూడిదరంగు ఊలు కొని, పక్కవాటా ఆవిడ వాళ్ళాయనకు అల్లిన లెక్కే నేనూ వేశాను. ఆయనా మా నాన్నగారూ ఒకే ఒడ్డూ పొడుగూ కదా అని నా నమ్మకం. చుట్టూ 220 కుట్లు.

ఇక్కడే ఉంది తిరకాసు. ఆవిడది వదులు చెయ్యి. అంగుళానికి 5 కుట్లు పడేవి. నాది కొత్త చెయ్యి. ఎక్కడ జారిపోతాయోనని ఊలును బిగించి పట్టుకునేదాన్ని. అంగుళానికి 6 పడ్డాయి. 220ని ఐదుతో భాగించండి, 44 అంగుళాలు. ఆరుతో భాగించండి, 37 కూడా రాదు. మా నాన్నగారి ఛాతీ 40. నాలుగంగుళాల ముక్క ముందుగా అల్లి, కుట్లు లెక్కపెట్టుకుని ఉంటే ఆ సంగతి పావుగంటలో తెలిసేది. నేను రెండు నెలలు అల్లాను.

పార్సెలు అందిందని నాన్నగారు కార్డు రాశారు: ‘స్వెట్టరు దివ్యంగా ఉంది, వచ్చినవారందరూ మెచ్చుకుంటున్నారు.’ ఆ కార్డు పట్టుకుని నేను క్వార్టర్లన్నీ తిరిగాను.

1977 వేసవిలో పుట్టింటికి వెళ్ళాను. స్వెట్టరు నాన్నగారి పడకకుర్చీ వీపుకు తొడిగి ఉంది! వచ్చినవారు మెచ్చుకున్నది అలాగన్నమాట. ఒక్కసారి వేసుకుని చూపించమంటే, “మే నెలలో ఏమిటే నీ చాదస్తం” అని తప్పించుకున్నారు. సరే, చిన్నదయింది కాబోలు అనుకుని ఊరుకున్నాను.

ఆ సాయంత్రం నరసాపురంనుంచి మా అత్తగారు వచ్చారు. వియ్యపురాలు వస్తున్నారని నాన్నగారు గబగబా చొక్కా తొడుక్కున్నారు. రాత్రి పక్కలు వేస్తూంటే అత్తగారు మెల్లగా అన్నారు: “అమ్మాయీ, మీ నాన్నగారి కుడిభుజం బాగాలేదు. చొక్కాలో ముందు ఆ చెయ్యి దూర్చి, తరవాత ఎడంచెయ్యి పెట్టుకున్నారు. పైకి లేవని చెయ్యి ఉన్నవాళ్ళే అలా తొడుక్కుంటారు. తలమీంచి వేసుకునే స్వెట్టరు ఆయనెలా వేసుకుంటారు?”

మా అమ్మను నిలదీస్తే బయటపడింది. భుజం బిగిసిపోయి ఏడాదిన్నర అయిందట. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు అది రావడం ఎక్కువేనని డాక్టరు చెప్పారట. పిల్ల దూరాన ఉంది, బెంగపడుతుందని నాకు రాయలేదు. నాకు దుఃఖం ఆగలేదు. స్వెట్టరు చిన్నదవడం కాదు, ఏడాదిన్నరగా ఆ చేతి రాత కార్డుల్లో వంకరపోతూంటే పెద్దతనం అనుకున్నాను. నన్ను కోప్పడవలసిన అత్తగారు కోప్పడలేదు. ఒక్క మాట అన్నారు: “లేసు లెక్క తప్పితే షావుకారు మొహాన కొడతాడు. మనవాళ్ళు కొట్టరు, దాచుకుంటారు. అందుకని మనవాళ్ళకు చేసేటప్పుడే ఎక్కువ లెక్క చూసుకోవాలి.”

ఆవిడకు ఆ మాట అనే హక్కు ఉంది. నరసాపురం ప్రాంతంలో పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని లేసు అల్లిక. ఊలుకు రెండు సూదులయితే దీనికి కొక్కెం ఉన్న సూది ఒక్కటే. అత్తగారు పదో ఏటినుంచి అల్లారు. దారం తూచి ఇచ్చేవారు, లేసు తూచి తీసుకునేవారు. ఆవిడ పువ్వులు అల్లితే, వాటిని అతికి బల్లగుడ్డలు చేసేవారు ఇంకొకరు. అవి ఓడలెక్కి పై దేశాలకు పోయేవి. పొద్దస్తమానం అల్లినా, ఇంట్లో మగవాళ్ళ దృష్టిలో అది ‘ఖాళీగా కూర్చోకుండా చేసే పని’. మారియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఈ సంగతే 1982లో ఒక పుస్తకంగా రాశారు. అన్నేళ్ళు లేసు అల్లిన మా అత్తగారి ఇంట్లో గడపకు తోరణంగానైనా ఒక్క లేసుముక్క ఉండేది కాదు.

మర్నాడు ఇద్దరం కూర్చుని స్వెట్టరు విప్పాం. కలిపి కుట్టిన చోట్ల దారం తీసి, ఆఖరి వరస ముడి వదిలి లాగుతూంటే ఊలు వంకరలు తిరిగి నూడుల్సులాగా వస్తుంది. దాన్ని కుర్చీ వీపుకు చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, చిలపను గోరువెచ్చని నీళ్ళలో ముంచి, నీడన వేలాడదీస్తే వంకరలు పోతాయి. రాజమండ్రి ఎండలో గంటలోనే ఆరిపోయింది. వీధిలోవాళ్ళు మా వసారాలో ఊలు చూసి, ఈ తల్లీకూతుళ్ళకు ఎండదెబ్బ తగిలిందా అన్నారట. మమ్మల్ని తల్లీకూతుళ్ళనుకున్నారు, పోనీలెండి.

ఈసారి టేపు పెట్టి కొలిచాను: ఛాతీ, వీపు, చేతులు, కుడిభుజం దగ్గర చంక లోతు. పెద్ద సైజుకు పాత ఊలు చాలదు. అదే బూడిదరంగు మళ్ళీ కొందామంటే, అద్దకం లాటు మారితే రంగు కొద్దిగా మారుతుంది. వేసుకుంటే ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకని దాపరికం మానేసి, ముదురునీలం కొని చారలు వేశాను. ముందువైపు నిలువునా తెరిచి గుండీలు పెట్టాను. కార్తీకంలో అత్తగారు ఢిల్లీ వచ్చినప్పుడు తెరిచిన అంచు లోపలికి చుట్టుకుపోతూంటే, ఆవిడ లేసు సూది తీసి రెండు అంచులకూ ఊలుతో సన్నని గట్టు అల్లి, కాజాలు కూడా అందులోనే దింపారు. కుడిపక్క కాజాలు కాస్త వెడల్పుగా పెట్టారు, ఎడంచేత్తో పెట్టుకోవడానికి వీలుగా. ఆ చేతిపని మా ఇంటి మనిషికోసం జరగడం అదే మొదలు.

నాన్నగారు 1984లో పోయారు. అంతవరకూ ప్రతి ధనుర్మాసం అది తొడుక్కునే గట్టుమీద నడిచారు.

తరవాత నేను అల్లినవాటికి లెక్కలేదు. అడిగినవారికి చెప్పేది ఇది: పసిపిల్లలకైతే తల పెద్దదని గుర్తుంచుకుని భుజం దగ్గర తెరిచి గుండీలు పెట్టండి, మెడకు పొడుగాటి తాళ్ళు వద్దు. మన ఊళ్ళల్లో ఊలు అని అమ్మేది చాలావరకు ఆక్రిలిక్. వేడి ఇస్త్రీ పెడితే పాడైపోతుంది. అసలు ఊలైతే వేడినీళ్ళు తగిలి కుంచించుకుపోతుంది. ఇచ్చేటప్పుడు ఆ సంగతి చీటీ రాసి పెట్టండి. అల్లగా మిగిలిన నాలుగు మూరల దారం కూడా పెట్టండి, చిరిగితే పనికొస్తుంది.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివాను. అత్తగారు ఉంటే, “దారం రేటేమైనా తగ్గిందా?” అని అడిగేవారు.

నాన్నగారి స్వెట్టరు ఇప్పుడు మా తమ్ముడి దగ్గర, ట్రంకుపెట్టెలో ఎండిన వేపాకుల మధ్య ఉంది. మోచేతుల దగ్గర చిమ్మటలు కొట్టాయిగాని అత్తగారు వేసిన గట్టు ఒక్క కుట్టు ఊడలేదు. వాడి మనవడు చదువుకు కెనడా వెళుతున్నాడు. “ఉజ్జాయింపుగా ఒకటి అల్లెయ్యవే అక్కా, కుర్రాడు నా అంతే ఉంటాడు” అని ఫోను చేశాడు. టేపు పెట్టి కొలిచి పంపు, చేతులు పైకెత్తించి కూడా కొలువు అన్నాను. పది రోజులయింది. కొలతలు రాలేదు. నేనింకా ఊలు కొనలేదు.