అమావాస్యకూ వెలుగుంటుంది

సినిమాలో సైనికుడు కంటికి గొట్టం తగిలించుకోగానే చీకటంతా ఆకుపచ్చగా తేలుతుంది. అది చూసొచ్చిన పిల్లలు క్లాసులో అడుగుతారు: "వెలుతురే లేకపోతే ఏం కనిపిస్తుంది సార్?" నిజానికి వెలుతురు లేని రాత్రంటూ ఉండదు. అమావాస్యనాడు హంసలదీవి ఇసుకలో నిలబడినా నక్షత్రాలుంటాయి. అవి కాక, ఎత్తున ఉన్న వాతావరణం తనంతట తానే సన్నగా వెలుగుతుంటుంది. అందులో ఎక్కువ భాగం మన కంటికి ఆనని పరారుణ కాంతి.

ఆ కొంచెం వెలుగును వేల రెట్లు పెంచేదే నైట్ విజన్ గొట్టం. దీనికి బందరుతో చుట్టరికం ఉంది. 1926లో అక్కడ పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ చేతికొచ్చింది. సైన్యానికి రాత్రి చూపునిచ్చే సాధనాలు ఇప్పుడు ఆ సంస్థ తయారుచేస్తోంది.

మొదట్లో ఇంత నాజూకు లేదు. రెండో ప్రపంచయుద్ధం చివర్లో జర్మన్లూ అమెరికన్లూ తుపాకీ మీద పరారుణ దీపం బిగించి, ఆ వెలుగులో గురిచూశారు. అలాంటి సాధనమే అవతలివాడి దగ్గరా ఉంటే? నీ దీపమే వాడికి గురి. వియత్నాం నాటికి దీపం పోయింది కానీ, చాలినంత వెలుగు రావాలంటే మూడు గొట్టాలు వరసగా పేర్చాల్సి వచ్చేది. పొడవు, బరువు, మోత.

ఆ మూడింటి పనీ ఒక గాజు బిళ్లతో అయిపోయింది. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైనది ఆ బిళ్లే. లెన్సులోంచి వచ్చిన కాంతి ముందు ఫొటోకేథోడ్ అనే పల్చటి పూతకు తగిలి ఎలక్ట్రాన్లను బయటికి తోస్తుంది. 1905లో ఐన్‌స్టీన్ వివరించిన సంగతే ఇది. ఆ ఎలక్ట్రాన్లు వెళ్లి బిళ్ల మీద పడతాయి. బిళ్ల మందం సుమారు అర మిల్లీమీటరు. అందులో లక్షలాది రంధ్రాలు, ఒక్కోదాని వ్యాసం పది మైక్రాన్లు అటూఇటూ. రెండు ముఖాల మధ్య వందల వోల్టులుంటాయి. రంధ్రంలో దూరిన ఎలక్ట్రాన్ గోడను ఢీకొట్టి మరికొన్నిటిని లేపుతుంది. అవి ముందుకు దూకి మళ్లీ గోడకు కొట్టుకుని ఇంకొన్నిటిని లేపుతాయి. దూరింది ఒకటైతే బయటపడేవి వెయ్యి దాకా ఉంటాయి. ఆ గుంపు వెళ్లి ఫాస్ఫర్ తెరను వెలిగిస్తుంది. మన కంటికి ఆకుపచ్చ ఛాయలు బాగా ఆనుతాయి కనుక ఆ రంగు.

ఇన్ని రంధ్రాలు తొలిచిందెవరు? ఎవరూ తొలవలేదు. గాజు గొట్టంలో మరో రకం గాజు కడ్డీని పెట్టి, వేడిచేసి తీగలా సాగదీస్తారు. ఆ తీగల్ని కట్టకట్టి మళ్లీ సాగదీస్తారు. ఆ కట్టల్ని కలిపి కరిగించి అతికించి, చీపురుకట్టను అడ్డంగా నరికినట్టు బిళ్లలుగా కోసి, రసాయనంలో ముంచుతారు. లోపలి కడ్డీలు కరిగిపోతాయి, రంధ్రాలు మిగులుతాయి. ఆ తర్వాత హైడ్రోజన్‌లో వేడిచేస్తే, గాజులోని సీసం వల్ల గోడలకు కాస్త కరెంటు పారే గుణం వస్తుంది.

ఇంకో చమత్కారం: రంధ్రాలు నిటారుగా ఉండవు, కొన్ని డిగ్రీలు వాలి ఉంటాయి. నిటారుగా ఉంటే ఎలక్ట్రాన్ గోడకు తగలకుండానే దాటిపోవచ్చు. పైగా గొట్టంలో గాలి తీసేశాక కూడా మిగిలిన కాస్తలోంచి పుట్టే ధన అయాన్లు వెనక్కి పరిగెత్తి ఫొటోకేథోడ్‌ను తినేస్తాయి. వాలు ఉంటే వాటిలో చాలావరకు మధ్యలోనే గోడకు తగిలి ఆగుతాయి.

గొట్టానికొచ్చే జబ్బులు కనిపెట్టాలన్నా బిళ్ల పుట్టుక గుర్తుంచుకోవాలి. తెర మీద తేనెపట్టు గళ్లు లీలగా కనిపిస్తే అవి తీగల కట్టల సరిహద్దులు, కంగారు అక్కర్లేదు. చిన్న నల్లచుక్కలూ అంతే, పెరగకపోతే చాలు. లెన్సుకు మూత పెట్టినా ఒకచోట వెలుగుతూనే ఉంటే మాత్రం గొట్టం లోపలే ఎలక్ట్రాన్లు కారుతున్నాయని అర్థం. పట్టపగలు మూత తీసి ఆన్ చేస్తే పూత కాలి మచ్చ పడుతుంది, అది పోదు. గొట్టం బయట, సాధనం లోపల ఆవిరి పట్టిందంటే సీలు పోయి, నింపిన పొడి నైట్రోజన్ బయటికెళ్లింది. ఇక గురి తప్పుతోందంటే గొట్టాన్ని తిట్టేముందు దాన్ని తుపాకీకి పట్టి ఉంచే బిగింపు చూడాలి. ప్రతి కాల్పుకూ వెనక్కి తన్నే దెబ్బకు అదే ముందు వదులవుతుంది.

తర్వాతి కథ గబగబా చెప్పేస్తాను. గాలియం ఆర్సెనైడ్ పూత వచ్చి పరారుణాన్ని మరింత పట్టింది. తెల్లటి ఫాస్ఫర్ వచ్చింది. 2025 అక్టోబరులో గుడివాడకు దగ్గర్లోని నిమ్మలూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వారి నైట్ విజన్ కర్మాగారం ప్రారంభమైంది.

ఈలోగా థర్మల్ కెమెరా పోటీకొచ్చింది. దానికి నక్షత్రాలతో పనిలేదు. మనిషి ఒంటి వేడే చాలు, పొగలోంచి కూడా పట్టేస్తుంది. గొట్టం పని అయిపోయిందన్నారు. అయితే మామూలు కిటికీ అద్దం ఆ వేడి కిరణాలకు గోడతో సమానం. అద్దాలెత్తిన కారులో ఎవరున్నారో థర్మల్‌కు తెలియదు, గొట్టానికి తెలుస్తుంది. అందుకే రెండింటి బొమ్మల్నీ ఒకే కంటి ముందు కలిపి చూపే సాధనాలు తయారవుతున్నాయి.