ఇంటికప్పుపై సూర్యశక్తి

సూర్యుని ఎండలో వడ్లెండును, వడియములెండును, మడులలో ఉప్పు పండును. ఇవి మన పెద్దలు తరతరములుగా ఎరిగిన ఉపయోగములు. ఆ వెలుగునే విద్యుత్తుగా మార్చుకొను నేర్పు మాత్రము మానవునకు ఇటీవలనే అలవడినది. 1839లో ఫ్రాన్సు దేశస్థుడగు ఎడ్మండ్ బెకరెల్ కాంతివలన విద్యుత్తు పుట్టుటను కనుగొనెను. 1954లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలో చేపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు సిలికానుతో సౌరఘటమును నిర్మించిరి. అది తనపై పడిన కాంతిలో నూటికి 6 వంతులను మాత్రమే విద్యుత్తుగా మార్చెడిది. నేటి మంచి పలకలు 20 వంతులకు మించి మార్చుచున్నవి.

ఇట్టి పలకలు నేడు పల్లెలలోని ఇండ్లపై సైతము కనబడుచున్నవి. అయితే పలక మంచిదైనంత మాత్రమున కార్యము నెరవేరదు. దానిని మోయు కప్పు స్వభావము నెరుగనిచో, 25 ఏండ్లు పనిచేయవలసిన పలక ఒక్క గాలివానకు నేలపాలగును. ఇంటివారు కూడబెట్టిన సొమ్ముతోపాటు ఇల్లును చెడును.

మొదట తెలిసికొనవలసినది అవసరము. ఒక కుటుంబము నెలకు 240 యూనిట్ల విద్యుత్తు వాడుచున్నదనుకొందము. అనగా దినమునకు 8 యూనిట్లు. మన ప్రాంతములలో ఒక కిలోవాటు పలకలు దినమునకు సగటున 4 యూనిట్ల నిచ్చును. కావున ఆ ఇంటికి 2 కిలోవాట్లు చాలును. కిలోవాటుకు సుమారు 100 చదరపుటడుగుల నీడలేని చోటు వలయును. 2024లో భారత ప్రభుత్వము ప్రారంభించిన ‘ప్రధానమంత్రి సూర్య ఘర్’ పథకమున ఇట్టి 2 కిలోవాట్ల ఇంటికి 60,000 రూపాయల సహాయము నిర్ణయింపబడినది.

పిదప చూడవలసినది దిక్కు. తెలుగు దేశమున సంవత్సరములో అధికభాగము మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి దక్షిణముగా నుండును. అందుచే పలకను దక్షిణాభిముఖముగ, సుమారు 15 డిగ్రీల వాలుతో నిలుపుదురు. నీడను ధనుర్మాసమున పరీక్షించుట మంచిది. అప్పుడు సూర్యుడు క్రిందుగా నడచుటచే కొబ్బరిచెట్టు నీడయు, నీళ్లతొట్టి నీడయు మిక్కిలి పొడవుగ సాగును. పలకలోని ఘటములు ఒకదాని వెంట నొకటి గొలుసువలె కలుపబడి యుండును. కాలువలో ఒకచోట మన్ను అడ్డుపడినచో దిగువ చేలన్నిటికిని నీరు తగ్గినట్లు, ఒక మూల పడిన నీడ తక్కిన ఘటముల పనిని సైతము తగ్గించును.

ఇక కప్పుల సంగతి. ఒక వీధిలో నాలుగిండ్లు కలవనుకొందము.

మొదటిది కాంక్రీటు డాబా. ఇందుపై ఇనుప చట్రమును కోరిన దిక్కునకు, కోరిన వాలున అమర్చవచ్చును. కాని చట్రపు కాళ్లకై కప్పును తొలిచినచో ఆ రంధ్రములగుండ వాననీరు దిగి, లోని కడ్డీలు తుప్పుపట్టి, పెచ్చులూడును. కావున కాళ్లను కప్పుపై పోసిన సిమెంటు దిమ్మెలలో బిగింతురు. ఆ బరువును కప్పు మోయగలదో లేదో ముందుగా ఇంజనీరునకు చూపవలెను. రాయలసీమయందలి పాత మట్టిమిద్దెలకు ఇట్టి బరువు తగదు.

రెండవది రేకుల ఇల్లు. ఇనుప రేకులైనచో మరలు రేకును దాటి క్రింది అడ్డకమ్మిని పట్టవలెను. ప్రతి మరకును రబ్బరు బిళ్ల వేయవలెను. రేకును మాత్రమే పట్టిన మర గాలికి ఊడును. ఆస్‌బెస్టాస్ కలిసిన సిమెంటు రేకులపై కాలు మోపుటయే ప్రమాదము. అవి విరిగి మనిషి లోనికి పడిపోవును. వాటిని తొలిచినపుడు లేచు ధూళి ఊపిరితిత్తులకు తీరని హాని చేయును. అట్టి ఇంటికి వెలుపల స్తంభములు నిలిపి, రేకులను తాకకుండ పైన చట్రము కట్టుట మేలు.

మూడవది బంగళాపెంకుల ఇల్లు. ఇచట అక్కడక్కడ పెంకును తీసి, క్రింది వాసమునకు ఇనుపకొక్కెము బిగించి, మరల పెంకు కప్పుదురు. బరువంతయు వాసములపై పడవలెనే గాని పెంకులపై పడరాదు. చెదలు పట్టిన వాసములను ముందే మార్చవలెను. దక్షిణపు వాలు శ్రేష్ఠము. తూర్పు, పడమటి వాలులయందు ఫలము కొంత తగ్గును. ఉత్తరపు వాలును విడుచుట మంచిది.

నాలుగవది తాటాకుల పూరిల్లు. ఈ కప్పు పలకను మోయలేదు. అంతేగాక తీగెల కలయిక వదులై నిప్పురవ్వ పుట్టినచో ఇల్లే దగ్ధమగును. కావున పెరటిలో ఎండ తగులు చోట ఇనుపస్తంభము నాటి దానిపై పలకను నిలుపవలెను. పేదయింటికి సూర్యుడు దూరము కాడు. పలకకు చోటు మాత్రము మారును.

ఎండ మండినకొలది విద్యుత్తు హెచ్చునని పలువురు తలంతురు. పలకకు వెలుగు మిత్రము, వేడి శత్రువు. 25 డిగ్రీలకు పైన ప్రతి డిగ్రీకిని దాని శక్తి నూటికి 0.3 నుండి 0.4 వంతు వరకు తగ్గును. అందుచే వాలుకప్పులపైనను పలకక్రింద గాలి ఆడుటకు ఎడము విడువవలెను. అయితే ఆ గాలియే తుపానులో పలకను గాలిపటమువలె పైకెత్తును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 170, 180 కిలోమీటర్ల వేగమున విశాఖపట్టణముపై విరుచుకొనిపడినది. తీరప్రాంతమువారు అట్టి దినమును తలచుకొని మరలు బిగింపవలెను.

పలకలనుండి వచ్చు విద్యుత్తును ఇన్వర్టరు అను యంత్రము గృహోపయోగమునకు తగినట్లు మార్చును. మిగిలినది నెట్ మీటరు ద్వారా ఊరి తీగెలలోనికి పోయి లెక్కకెక్కును. పగటివేళ ఊరి విద్యుత్తు ఆగినపుడు బ్యాటరీలేని ఇంటిలో ఈ యంత్రమును తనంతట తానాగిపోవును. “పైన ఎండ కాయుచుండ ఇంట పంకా తిరుగదేమి?” యని కొందరు విసుగుకొందురు. ఆ వేళ స్తంభమెక్కి తెగిన తీగెను ముడివేయు పనివాడొకడుండును. మన కప్పునుండి పోవు విద్యుత్తు అతని ప్రాణము తీయకుండుటకే ఈ ఏర్పాటు. దీనిని తప్పించు ఉపాయము నెవరైన చెప్పినచో వినరాదు. మన ఇంటి వెలుగు మరియొక ఇంటిదీపము నార్పరాదు గదా!