జావా వెబ్ అప్లికేషన్లలో తేదీలు, టైమ్ జోన్లు

ఒక విద్యార్థిని దరఖాస్తులో తన పుట్టిన తేదీని 15 జూన్ 2003 అని సరిగానే నింపిందనుకుందాం. హాల్‌టికెట్‌పై మాత్రం 14 జూన్ 2003 అని వచ్చింది. ఎవరూ తప్పుగా టైపు చేయలేదు. మరి ఆ ఒక్కరోజు తేడా ఎలా వచ్చింది?

తేడాకు కారణం

జావాలోని పాత డేట్ క్లాసు పేరుకు తేదీయే. కాని అందులో ఉండేది 1970 జనవరి 1, 00:00 యూటీసీ నుంచి లెక్కించిన మిల్లీసెకన్ల సంఖ్య. భారత ప్రామాణిక కాలం యూటీసీ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. కాబట్టి మనకు జూన్ 15, 00:00 గంటలైతే యూటీసీలో జూన్ 14, 18:30 గంటలే. దరఖాస్తును భారత కాలంలో నడిచే సర్వరు స్వీకరించి, హాల్‌టికెట్‌ను యూటీసీలో నడిచే సర్వరు ముద్రిస్తే తేదీ వెనక్కి జరుగుతుంది.

సమాచారాన్ని బట్టి టైపు

2014లో జావా 8తో వచ్చిన కొత్త క్లాసులు ఈ సమస్యను తొలగిస్తాయి. ముందుగా మీ సమాచారం ఏ రకానిదో నిర్ణయించుకోండి.

అ) తేదీ మాత్రమే: పుట్టిన తేదీకి గడియారంతో పనిలేదు. జావాలో లోకల్‌డేట్, డేటాబేస్‌లో డేట్ కాలమ్ వాడండి. టైమ్ జోన్ మార్పిడి చేయవద్దు.

ఆ) జరిగిన క్షణం: ఫీజు చెల్లించిన సమయం ఇలాంటిది. జావాలో ఇన్‌స్టంట్ వాడి, యూటీసీలో భద్రపరచండి. తెరపై చూపేటప్పుడు మాత్రమే 'ఆసియా/కోల్‌కతా' జోన్‌లోకి మార్చండి.

ఇ) రాబోయే స్థానిక సమయం: న్యూయార్క్‌లో జరగబోయే సమావేశానికి స్థానిక సమయాన్ని, 'అమెరికా/న్యూయార్క్' అనే జోన్ పేరును రెండింటినీ దాచండి. అక్కడ శీతాకాలంలో యూటీసీతో తేడా 5 గంటలు, వేసవిలో 4 గంటలు. అందువల్ల గంటల తేడా ఒక్కటే దాస్తే చాలదు.

గుర్తుంచుకోండి

లోకల్‌డేట్ క్లాసులోని నౌ మెథడ్‌కు జోన్ ఇవ్వకపోతే, ప్రోగ్రాము నడిచే సర్వరు జోన్‌నే తీసుకుంటుంది. సర్వరు యూటీసీలో ఉంటే, మనకు ఏప్రిల్ 1 ఉదయం 5:30 అయ్యేవరకు దానికి 'నేడు' మార్చి 31. గడువు తేదీలు సరిచూసేటప్పుడు జోన్‌ను తప్పక పేర్కొనండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ప్రశ్న: భారత కాలం ప్రకారం 2025 ఏప్రిల్ 1 ఉదయం 4:00 గంటలకు ఫీజు చెల్లించారు. యూటీసీలో అది ఏ తేదీ, ఎంత సమయం?

జవాబు: 2025 మార్చి 31, 22:30 గంటలు.