తూనీగ రంగును నమ్మకండి

నాట్లు పడి మడుల్లో నీళ్లు నిలిచిన రోజుల్లో, వరిపైరుకు జానెడు ఎత్తున ఎగిరే చిన్న తూనీగ ఒకటుంది. రెక్కల మొదలు నుంచి సగం దాకా నిగనిగలాడే నీలి నలుపు. దాన్ని ఆనుకుని పాలతెలుపు పట్టీ. ఆపైన కొస దాకా రంగన్నదే లేదు. వెనకున్న పైరు పచ్చగా కనిపించేస్తుంది. నాలుగు దుబ్బుల అవతల ఇంకొకటి వాలి ఉంటుంది. దాని ఒళ్లు పసుపు, రెక్కలూ పసుపే, వాటి మీద నల్లటి మచ్చలు. ఈ రెండింటి ఫొటోలూ పక్కపక్కన పెడితే ఎవరైనా రెండు జాతులనే అంటారు. కానీ రెండూ పైడ్ పాడీ స్కిమ్మరే. శాస్త్రీయ నామం న్యూరోథెమిస్ తుల్లియా. నలుపు తెలుపులది మగది, పసుపుది ఆడది.

ప్రపంచంలో 6 వేలకు పైగా, మన దేశంలో దాదాపు 500 తూనీగ జాతులున్నాయి. రంగును నమ్ముకుని వీటికి పేరు పెట్టబోతే అడుగడుగునా బోల్తా పడతాం. చెరువు గట్ల మీద నెత్తుటి రంగులో మెరిసే స్కార్లెట్ స్కిమ్మర్ మగదే చూడండి. రెక్కలొచ్చిన కొత్తలో అదీ ఆడదానిలాగే పసుపు. వయసు ముదిరేకొద్దీ ఒంట్లోని వర్ణకం రసాయనికంగా మారి ఎరుపెక్కుతుంది. జపాన్ శాస్త్రవేత్తలు 2012లో ఈ గుట్టు విప్పారు. విటమిన్ సి ఎక్కిస్తే పసుపు తూనీగ ఎర్రబడిందట! గడ్డినేలల్లో కాళ్ల ముందే లేచి వాలే గ్రౌండ్ స్కిమ్మర్‌ది మరో దారి. దాని మగపిల్ల పసుపు పచ్చగా, నల్లచారలతో అచ్చం తల్లిలా ఉండి, ఎదిగాక ఒళ్లంతా మైనపు పొడి పూత పట్టి నీలంగా తేలుతుంది. ఇక గ్రీన్ మార్ష్ హాక్ ఉందే, సాటి తూనీగలనే పట్టి తినే ఆ గడుసుదానికి ఆడైనా మగైనా ఒకటే వేషం.

మరి ఫొటోలో ఏం చూడాలి? మనం తోక అనుకునేది నిజానికి పది ఖండాల పొట్ట. మగ తూనీగలో వీర్యం బయటికి వచ్చేది కొస దగ్గర, తొమ్మిదో ఖండంలో. జత కట్టే అవయవం మాత్రం పొట్ట మొదట్లో, రెండో ఖండం అడుగున ఉంటుంది. అందుకే అది జత కట్టకముందే ఒళ్లు వంచి, వీర్యాన్ని అక్కడి నుంచి ఇక్కడికి చేరవేసుకుంటుంది. కీటక ప్రపంచంలో ఇంతటి వింత ఏర్పాటు అరుదు. పక్కనుంచి తీసిన ఫొటోలో ఆ రెండో ఖండం కింద చిన్న బుడిపె కనిపిస్తే అది మగది. ఆడదానికి అక్కడ నున్నగా ఉంటుంది.

తర్వాత కొస చూడాలి. మగదానికి పైన రెండు, కింద ఒకటి కొక్కేలుంటాయి. వాటితోనే ఆడదాని తల వెనక పట్టు బిగిస్తుంది. సూదిలా సన్నగా ఉండి, ఎక్కువగా రెక్కలు ముడుచుకుని వాలే జాతులున్నాయి కదా, వాటి మగవాటికి కొక్కేలు నాలుగు. ఆడవాటికి కొస కింద గుడ్లు పెట్టే సాధనం లావుగా కనిపిస్తుంది.

మూడు సంపుటాలుగా 1933 నుంచి 1936 దాకా మన దేశపు తూనీగల గురించి రాసిన సైనిక వైద్యుడు ఎఫ్.సి. ఫ్రేజర్, రెక్కల ఈనెల నుంచి ఈ కొక్కేల వంపు దాకా వర్ణించాడు. ఆయన చేతిలో తూనీగ ఉంది, మన చేతిలో ఫొటోయే ఉంది. కొన్ని సన్న జాతులకు ఎంత మంచి ఫొటో అయినా చాలదు. అలాంటప్పుడు పేరు ఖాళీగా వదిలేయడమే నిజాయితీ అని నా అభిప్రాయం.

పైనుంచి, రెక్కలు విప్పారగా తీసిన ఫొటో గోడకు అందం, గుర్తింపుకు సగమే సాయం. ఈసారి తూనీగ వాలినప్పుడు పైనుంచి ఒకటి తీశాక, మోకాళ్ల మీద కూర్చుని పక్కనుంచి ఇంకొకటి తీయండి. పొట్ట కొస మాత్రం చట్రం దాటి పోనివ్వకండి. తేదీ, ఊరి పేరు కూడా రాసి పెట్టుకోండి.