కుడివారము, మహజరు: పదవిచారము

చెన్నపురి రాజధానిలోని జమీందారీ దస్తరములయందుఁ గుడివారము, మేలువారము అను పదములు జంటగాఁ గానవచ్చును. పంటలో దున్నువాని పాలు కుడివారము. దొరకుఁ జెల్లు పాలు మేలువారము. అరవనాటి పొలిమేరయందలి పుత్తూరు సీమ కార్వేటినగర సంస్థానములోనిది. సాహిత్యపరు లా సంస్థానమును సారంగపాణి పదములచే నెఱుఁగుదురు. అచ్చటి కాఁపులకుఁ దత్పరిచయము పట్టాలవలనను ముచ్చిలికలవలనను గలిగినది.

తెలుఁగు చెవి కీ మాటలు పెడయర్థము నిచ్చును. కుడి యనఁగా దక్షిణపార్శ్వము, మేలనఁగా శుభము. ఇట్లయినచో నొకటి కుడివైపు పాలును, రెండవది మంచి పాలును గావలెను. కుడుచు ధాతువును బట్టి "కుడుచుటకైన పాలు" అని చెప్పఁబూనుటయు సులభమే. ఇవి యేవియు నిలువవు. అరవమునఁ గుడి యనఁగా ఇల్లు, కుటుంబము, ఊర నెలకొనియున్న కాఁపు. మన గుడి, గుడిసె శబ్దము లా మూలమునకే చేరినవి. మేల్ అనఁగా మీఁదిది. మేలుకట్టు, మేలుముసుఁగు లను పదములందుఁ దెలుఁగునను నీ యర్థమే కలదు. కాఁబట్టి కుడివారము ఇల్లు గట్టి యూర నిలిచినవాని పాలు. మేలువారము పైనున్నవాని పాలు. పైనుండుట వేఱు, నేలకు స్వామి యగుట వేఱు. వివాదమంతయు నిచ్చటనే పుట్టినది.

1802వ సంవత్సరపు 25వ నిబంధన జమీందారులను భూస్వాములని పలికెను. అదే యేఁటి 30వ నిబంధన జమీందారు పట్టా యియ్యవలె ననియు, రైతు ముచ్చిలిక వ్రాసి యియ్యవలె ననియు విధించెను. పట్టా సంస్కృత పట్టశబ్దము పరభాషలఁ దిరిగి యింటికి వచ్చిన రూపము. ముచ్చిలిక తురుష్కభాషనుండి వచ్చినది. పట్టా యేఁటేఁట మాఱునప్పుడు హక్కును నేఁటితోనే ముగియునను వాదము బయలుదేఱెను. వెనుకటి నిబంధనలు రైతుల నిజమైన హక్కులను నిర్ణయించుటకుఁగాని కుదించుటకుఁగాని యేర్పడలేదని 1822లో 4వ నిబంధన చెప్పవలసివచ్చెను. జమీందారీ రైతు ఏఁడాది కౌలుదారుఁడని ముందుగా నూహింపరాదని చెన్నపురి హైకోర్టు 1897లోఁ దేల్చెను. 1908వ సంవత్సరపు మొదటి చట్టము రైతీ నేలను సాగుచేయుచున్న జమీందారీ రైతునకు శాశ్వతమైన సాగుహక్కును స్థిరపఱచెను. భూస్వామి యను నొక్క మాటను దిద్దుటకు నూఱేండ్లకుఁ బైఁగాఁ బట్టినది.

ఇంగ్లండునందును నిట్టి కథయే కలదు. 1086లో సిద్ధమైన డూమ్స్‌డే భూమిలెక్కలలో రాజునకుఁ జెందిన యూళ్ల రైతులు, తరువాతి దొరలు మామూలును మీఱి వెట్టి గోరినచో, రాజునకుఁ జెప్పుకొనవచ్చును. ఆ యాజ్ఞాపత్రమునకు దాని లాటిను పదమునుబట్టి "మాన్‌స్ట్రావెరుంట్" అని పేరు. "చూపిరి" అని దాని యర్థము. 1377 నాఁటికిఁ బెక్కూళ్ల రైతు లా లెక్కలనుండి నకళ్లు దెచ్చుకొని దొరలకు వెట్టి సేయ నిరాకరింపఁగాఁ బార్లమెంటు వారికిఁ బ్రతికూలముగా శాసించెను. పిమ్మట వ్యాపించిన కాపీహోల్డు పద్ధతిలో దొర కచ్చేరి చిట్టా నకలే రైతునకు హక్కుపత్రము. అందు "దొర యిచ్చ చొప్పునను, ఊరి యాచారము చొప్పునను" అని యుండెడిది. కాలక్రమమున రెండవ భాగమే నెగ్గినది. ఆ పద్ధతి 1926 జనవరి 1వ తేదీతో నంతరించెను.

చూపుట యను నర్థము విచారింపఁదగినది. విన్నపము విజ్ఞాపనమునకుఁ దద్భవము. జ్ఞా ధాతువునకుఁ బ్రేరణార్థమున ణిచ్చును, పుగాగమమును వచ్చి విజ్ఞాపన మగును. తెలియఁజేయుట యని యర్థము. ఇందు యాచన లేదు. అర్జీ యను మాట ఆర్జించు ధాతువునకుఁ జుట్టము గాదు. దాని మూలమైన యరబీ పదమునకును నెదుటఁ బెట్టుట యనియే యర్థము. మహజరు పెక్కండ్రు చేవ్రాళ్లు పెట్టిన పత్రము. ఒక్కని యర్జీలో "ఏలినవారి దయ" యను మాట యెంత నిండినను, ఊరంతయుఁ జేవ్రాళ్లు పెట్టిన మహజరులో మామూలు ఇది యని సాక్ష్యము పలుకుచుండును. వ్యాకరణము దెలియనివారును నీ తేడాను బాగుగ నెఱుఁగుదురు.

1937లోఁ జెన్నపురి ప్రభుత్వము టంగుటూరి ప్రకాశముగా రధ్యక్షులుగా జమీందారీ విచారణసంఘము నేర్పఱచెను. సంఘము రైతులనుండి విజ్ఞప్తులను, సాక్ష్యములను గైకొని, నేలకు స్వామి రైతే యనియు, జమీందారు శిస్తు వసూలు చేయువాఁడే యనియు 1938లో నివేదించెను. పైనున్నవాఁ డను మేలువారపు మొదటి యర్థమే దానియందు నిలిచినది. 1948వ సంవత్సరపు 26వ చట్టముచే జమీందారీలు రద్దయిన పిమ్మట మేలువార కుడివారములకు దస్తరములలోఁ బనిలేకపోయెను. మహజరు మాత్రము పోలేదు. రెవెన్యూ వ్యవహారమున సాక్షుల చేవ్రాళ్లతో స్థలమునందు వ్రాసికొను పత్రమునకు నేఁటికి నదియే పేరు.