పునరుత్థానము: విశ్వాసము, సంశయము

సర్వమతములును ఒక్కటియే బోధించుచున్నవను మాట మన సభలలో తరచుగా వినబడుచున్నది. భిన్నమతస్థులు కలసిమెలసి యుండవలెనను సదుద్దేశమే దీనికి మూలమని మే మెరుగుదుము. కాని పొరుగువాని మతమును తెలిసికొను శ్రమను తప్పించుకొనుటకే యీ మాట వాడబడునేని, దానివలన మేలుకంటె కీడే హెచ్చు. ఇందుకు నిదర్శనము హైదరాబాదు పాతనగరమందలి యాకుత్‌పురాలోనే కలదు.

యాకుత్‌పురా నివాసులలో అధికసంఖ్యాకులు ముస్లిములు. ఈసా వారికి పరాయివాడు కాడు. మర్యమ్ కుమారుడైన ప్రవక్త. కాని ఆయన సిలువపై మరణింపలేదనియు, దైవమాయనను తనకడకు లేవనెత్తుకొనెననియు ఖురాను నాలుగవ అధ్యాయమునుబట్టి వారిలో అత్యధికుల విశ్వాసము. మరణమే లేనిచోట మరణమునుండి లేచుట యెక్కడిది? అట్లని వారు పునరుత్థానమునే నమ్మనివారనుకొనరాదు. ఖయామతు దినమున మృతులందరును లేతురనుట వారి మతమునకు మూలస్తంభము. సత్పురుషుడు దుర్మార్గులచేత హతుడగుట వారి యూహకందని సంగతియు గాదు. మొహరం పదవ దినమున దబీర్‌పురానుండి వెడలు బీబీ కా ఆలం ఊరేగింపు యాకుత్‌పురా మీదుగా సాగుచుండగా, 680వ సంవత్సరమున కర్బలాలో ప్రాణములర్పించిన హుసేనును దలచి షియాలు గుండెలు బాదుకొందురు. కనుక భేదము అనాదరమువలన పుట్టినది కాదు.

క్రైస్తవునకో, ఈ యొక్క విషయమే సర్వస్వము. క్రీస్తు లేచుట నిజము కానిచో తన బోధయంతయు నిష్ఫలమేయని పౌలు కొరింథీయులకు దాపరికము లేక వ్రాసెను. హిందువులమైన మనకు సావిత్రికథ జ్ఞప్తికి వచ్చును. కాని సత్యవంతునకు లభించినది నన్నూరేండ్ల యాయువు మాత్రమే. యమునితో అతనికి మరల పని యున్నది. క్రైస్తవులు చెప్పునది మృత్యువిక తాకజాలని జీవనము, అదియు దేహముతో గూడ. ఆత్మకు నాశము లేదని వినుచు పెరిగిన మనకు దేహమేల లేవవలెనో బోధపడకుండుట సహజమే.

అయితే సంశయము బయటివారి సొత్తు కాదు. స్త్రీలు తెచ్చిన వార్తను శిష్యులు వెఱ్ఱిమాటగా త్రోసిపుచ్చిరని లూకా చెప్పుచున్నాడు. గలిలయ కొండపై కొందరు సందేహించిరని మత్తయి యొప్పుకొనుచున్నాడు. గాయములను తాకిన గాని నమ్మనన్న తోమాయే మైలాపూరునకు వచ్చెనని దక్షిణదేశ క్రైస్తవుల ఐతిహ్యము. సమాధినుండి లేచిన క్షణమును నాలుగు సువార్తలలో నేదియు వర్ణింపలేదు. సంశయమును చెరిపివేయక గ్రంథస్థము చేసిన విశ్వాసమిది.

1820లో రాజా రామమోహనరాయలు అద్భుతములను విడిచి యేసు నీతిబోధలను మాత్రమే సంగ్రహించి ప్రకటించెను. క్రీస్తు దైవత్వమును, ప్రాయశ్చిత్తమును విడిచినచో క్రైస్తవము మిగులదని శ్రీరాంపూరు మిషనరీ జాషువా మార్ష్‌మన్ ప్రతివాదము చేసెను. మనలో పెక్కురకు రాయలవారి పక్షమే రుచించును. నీతిని గ్రహించుటకు మనకు స్వాతంత్ర్యము కలదు. కాని మనకు నచ్చినంత తీసికొని, నీ మతమింతేయని పొరుగువానికి చెప్పుటకు అధికారమెక్కడిది? ఈస్టరు వేకువను సమాధులకడ కొవ్వొత్తులు వెలిగించు తెలుగు క్రైస్తవ కుటుంబములకు ఇది పండితవాదము కాదు. ఆ మట్టిక్రింద పండియున్న తల్లియో బిడ్డయో మరల లేతురా యనునదే వారి ప్రశ్న.

ఆ ప్రశ్నకు నమ్మకముతో నుత్తరమిచ్చువారును, గొంతు వణకువారును ఒక్క కుటుంబముననే యుందురు. వారి సంశయమును మనము వాదమున కాయుధము చేసికొనరాదు. వారి విశ్వాసమును మన వేదాంతములో కరగించి మర్యాద చేసితిమనియు తలపరాదు. ముస్లిము కాదనుచున్నదేమి, క్రైస్తవుడు ఔననుచున్నదేమి, మనకు తెలియనిదేమి యను మూడింటిని స్పష్టముగ నెరిగి, ఆ మీదట ఒక వీథిలో కాపురము చేయుటయే ఐకమత్యము. భేదమును మరచి కుదిరిన స్నేహము భేదము పైకి వచ్చిననాడు చెదరును. ఎరిగి కుదిరినది నిలుచును.