చాకు కొంటున్నారా? పదునొక్కటే చూస్తే చాలదు

మంగంపేట: ముగ్గురాయి గనులతో పేరొందిన ఈ గ్రామం చుట్టూ అరటి, బొప్పాయి, మామిడి తోటలూ విస్తారంగా ఉన్నాయి. ఓబులవారిపల్లె, రైల్వేకోడూరు మండలాల్లో తోట పనికి వెళ్లేవారి వెంట చిన్న చాకు ఉండాల్సిందే. కాయ తొడిమె కోయాలన్నా, డ్రిప్పు పైపు తెంచాలన్నా, గోతాం మూతి విప్పాలన్నా అదే ఆధారం. అయితే దానిని కొనేటప్పుడు అంచుపై బొటనవేలు ఆనించి చూసి, పదునుందనుకుంటే డబ్బులిచ్చేయడం పరిపాటి. ఆ పరీక్షతో తెలిసేది దుకాణానికి రాకముందు పట్టిన సాన ఎలా ఉందన్నదే. వారం తర్వాత చాకు మొద్దుబారితే కోతకు బలం ఎక్కువ పెట్టాలి. బలం పెట్టినప్పుడే చేయి జారుతుంది. అరచేయి తెగితే కూలీకి పోయేది ఒక్క రోజు పని కాదు.

కొత్తలో ఉండే పదును వేరు, నిలిచే పదును వేరు. అంచును పలుచగా, ఏటవాలుగా తీస్తే మెత్తటి ఉక్కు సైతం తొలిరోజు చక్కగా కోస్తుంది. ఆ అంచు నిలవాలంటే ఉక్కును సరిగా కాల్చి, ముంచి, మళ్లీ తగిన వేడిలో ఉంచి ఉండాలి. లారీ కమాను పట్టాతో కమ్మరి చేసిన చాకు కొన్నిసార్లు మెరిసే అంగడి చాకును మించడానికి కారణం ఇదే. ఉక్కు మరీ గట్టిపడితే అంచు పెళుసై పెచ్చులూడుతుందన్నది మరో చిక్కు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన పరీక్షలోనూ ఈ రెండింటినీ విడివిడిగానే కొలుస్తారు. ఇసుక పొడి కలిపిన అట్టను యంత్రంతో పదేపదే కోయించి, తొలి కోతల లోతును, మొత్తం కోతల లోతును వేర్వేరుగా లెక్కిస్తారు.

ఇంట్లోనూ దాదాపు ఇదే పని చేయవచ్చు. ముందుగా వార్తాపత్రిక కాగితాన్ని గాలిలో పట్టుకుని మొదలు నుంచి కొన వరకు అంచు తగిలేలా కోయాలి. కాగితం చిరిగిన చోట అంచు దెబ్బతిని ఉన్నట్లే. దీపం కింద అంచును పైకి తిప్పి చూసినా తెలుస్తుంది. పదునైన అంచు కంటికి ఆనదు, మొద్దుబారిన చోట సన్నని తెల్లటి మెరుపు కనిపిస్తుంది. తర్వాత ఎలక్ట్రానిక్ కాటాపై చెక్కముక్క ఉంచి, అంకెను సున్నాకు తెచ్చి, చెక్కపై సుతిలి తాడు పెట్టి చాకుతో నిలువుగా నొక్కాలి. తాడు తెగేటప్పుడు కాటా చూపిన బరువును రాసుకోవాలి. అలా మూడుసార్లు చూశాక పాత గోతాన్ని వంద ముక్కలు చేసి, అదే తాడును అంచులో అదే చోట ఉంచి మళ్లీ కొలవాలి. మొదట 2 కిలోలకు తెగిన తాడు ఇప్పుడు 4 కిలోలు అడిగితే ఆ చాకు పదును నిలిచేది కాదు. రెండు చాకులను పక్కపక్కన పరీక్షిస్తే తేడా మరింత స్పష్టమవుతుంది.

గని ప్రాంతం కాబట్టి ముగ్గురాయి దుమ్మే అంచును తినేస్తుందనుకుంటే పొరపాటు. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు లెక్కించే మోహ్స్ కొలమానంలో ముగ్గురాయి 3 నుంచి 3.5 మాత్రమే. చాకు ఉక్కు సుమారు 5.5. అందుకే చాకు మొనతో ముగ్గురాయిపై గీత పడుతుంది. ఇసుకలోని పలుగురాయి గట్టిదనం మాత్రం 7. మట్టి అంటిన పైపును, నేలపై పడిన గోతాన్ని తుడవకుండా కోస్తే అంచును అరగదీసేది ఈ ఇసుక రేణువులే. గుడ్డతో ఒక్కసారి తుడిస్తే పదును మరికొన్నాళ్లు నిలుస్తుంది.

పిడి సంగతి దుకాణంలో ఎవరూ పట్టించుకోరు. నిజానికి ప్రమాదాలను ఆపేది అదే. కొనే ముందు చేతిని సబ్బు నీళ్లతో తడిపి పిడిని గట్టిగా పట్టుకోవాలి. బొప్పాయి పాలు, మామిడి సొన అంటినప్పుడు చేతిలో పట్టు ఎలా ఉంటుందో ఈ పరీక్ష చెబుతుంది. నున్నటి ప్లాస్టిక్ పిడి ఇక్కడే తేలిపోతుంది. నాలుగు వేళ్లూ పిడిపై పట్టాలి, వేలు ముందుకు జారి అంచుపైకి పోకుండా అడ్డు ఉండాలి. ఇంటికి తెచ్చాక పది నిమిషాలు ఆపకుండా కోసి, అరచేతిలో ఎక్కడ ఎర్రబడిందో చూడాలి. గంటల తరబడి పని చేస్తే బొబ్బ లేచేది అక్కడే.

మడత చాకైతే తెరిచి, అలుగును పక్కలకు కదిపి చూడాలి. కదులుతుంటే కొనవద్దు. తాళం ఉన్నట్లయితే అలుగు వీపును చెక్కపై మెల్లగా తట్టాలి, ఆ సమయంలో వేళ్లు మడత దారిలో ఉండరాదు. మూసుకుపోయే చాకును ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకూడదు.

తుప్పు పట్టని ఉక్కా, మామూలు ఉక్కా అన్నది పనిని బట్టి తేల్చుకోవాలి. మామూలు ఉక్కుకు సానరాయిపై తేలికగా పదును వస్తుంది. కాని నిమ్మరసం, మామిడి సొన తగిలితే మచ్చలు పడి తుప్పు పడుతుంది. సాయంత్రం కడిగి, ఆరబెట్టి, ఒక చుక్క నూనె రాసే ఓపిక ఉన్నవారికి అదే మేలు. ఇక ఏ చాకుతోనైనా చేయి లోతుగా తెగితే మట్టి లేకుండా కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి ఆస్పత్రికి వెళ్లాలి. ధనుర్వాతం టీకా అవసరమా అన్నది అక్కడి వైద్యులు నిర్ణయిస్తారు.